భూకంపం వస్తే పరుగెత్తలేని వాళ్ల సంగతేంటి? ఇళ్లు, వృద్ధాశ్రమాలు, ఏం సిద్ధం చేసుకోవాలి

నైట్‌డ్యూటీ (హనుమకొండ)

అందరికీ నమస్తే. వరంగల్ దగ్గర ఒక వృద్ధాశ్రమంలో నర్సుగా చేస్తున్నాను, పేరు వద్దు. 2024 డిసెంబర్ 4న ములుగు దగ్గర భూకంపం వచ్చింది గుర్తుందా, పొద్దున 7:27కి, 5.3 అన్నారు. ఊగింది కొన్ని సెకన్లే, ఎవరికీ ఏమీ కాలేదు. కానీ అదే అర్ధరాత్రి వచ్చి ఇంకాస్త గట్టిగా ఊపి ఉంటే మేం ఏం చేసేవాళ్లమా అని ఆ రోజు నుంచీ బుర్రలో తిరుగుతోంది. మా దగ్గర రెండంతస్తులు, 30 మంది దాకా ఉంటారు, అందులో సగం మంది తమంతట తాము మంచం దిగలేరు, నలుగురైదుగురికి మతిమరుపు జబ్బు, ఇద్దరికి ఆక్సిజన్. రాత్రి పూట ఉండేది నేను, ఇద్దరు ఆయాలు, గేటు దగ్గర తాత. మేనేజ్‌మెంట్‌ని అడిగితే మనది సేఫ్ జోన్ అమ్మా, నువ్వు అనవసరంగా టెన్షన్ పడకు అన్నారు. నెట్‌లో వెతికితే అంతా "బయటికి పరుగెత్తండి, బల్ల కింద దూరండి" అనే ఉంది. మోకాళ్లు వంగని మనిషిని బల్ల కింద ఎలా దూర్చాలి? ఇంట్లో పెద్దవాళ్లు ఉన్నవాళ్లు, ఇంజనీర్లు, విదేశాల్లో ఇలాంటి చోట్ల పనిచేసేవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి ప్లీజ్.

ఫ్లాట్‌నంబర్504 (కూకట్‌పల్లి)

మీ మేనేజ్‌మెంట్ చెప్పింది కరెక్టేనండీ. మనది దక్కన్ పీఠభూమి, గట్టి రాయి. భూకంప మ్యాపులో హైదరాబాద్ జోన్ 2, ఇప్పుడున్న జోన్లలో అన్నిటికంటే తక్కువ ప్రమాదం. భూకంపం కంటే మన రోడ్ల మీద గుంతలే ఎక్కువమందిని చంపుతున్నాయి, వాటి గురించి థ్రెడ్ పెట్టండి ముందు.

ఇటుకసిమెంట్ (విజయవాడ)

504 బ్రో, గుంతల మాట నిజమే, కానీ "గట్టి రాయి" అనే ధైర్యాన్ని మహారాష్ట్రలో వచ్చిన లాతూరు భూకంపం 1993లోనే తీసేసింది. సెప్టెంబర్ 30, తెల్లవారుజామున నాలుగు కాకముందే వచ్చింది, గణేశ్ నిమజ్జనం అయిపోయి జనం ఒళ్లు మరిచి నిద్రపోతున్నారు. సుమారు 10,000 మంది పోయారు. అది కూడా దక్కన్ పీఠభూమే, అప్పటి మ్యాపులో జోన్ 1, అంటే ఇప్పటి హైదరాబాద్ కంటే తక్కువ ప్రమాదం అని రాసుకున్న చోటు. తీవ్రత 6.2 అన్నారు, ప్రపంచ లెక్కల్లో అదేమంత పెద్దది కాదు. చంపింది ఇళ్లే, మట్టితో పేర్చిన రాతి గోడలు, పైన వేసిన మందపాటి మట్టి మిద్దెలు.

మన సంగతికొస్తే గోదావరి లోయ కింద పాత పగులు ఉంది, పడమర మంచిర్యాల, రామగుండం వైపు నుంచి భద్రాచలం మీదుగా కింద దాకా. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర 5.7 వచ్చింది. దానికి రెండేళ్ల ముందు, 1967 మార్చిలో ఒంగోలు దగ్గర 5.4. ములుగుది కూడా ఆ గోదావరి లోయదే, 40 కిలోమీటర్ల లోతున వచ్చింది కాబట్టి దూరం దాకా తెలిసింది గానీ పైన దెబ్బ తక్కువ పడింది. అదే పది కిలోమీటర్ల లోతులో వచ్చి ఉంటే కథ వేరేలా ఉండేది. నేను పని చేస్తున్న మ్యాపులో విజయవాడ, ఒంగోలు, భద్రాచలం జోన్ 3. జోన్ 2 అంటే రాదు అని కాదు, వస్తే ఎంత ఊపుకి లెక్క కట్టి పిల్లర్లు వేయాలి అనే డిజైన్ అంకె అది, అంతే.

నైట్‌డ్యూటీ గారూ, మీ బిల్డింగ్ గురించి మూడు విషయాలు చెప్పండి. కింద అంతా ఖాళీ పార్కింగా? పిల్లర్లున్నాయా, గోడల మీదే శ్లాబు ఉందా? ఎప్పుడు కట్టారు?

గోదారిగట్టు (భద్రాచలం)

69 మాట ఎత్తారు కాబట్టి రాస్తున్నా. నేను అప్పుడు హైస్కూలు. మా పెంకుటింటి దూలం కిర్రుమని అరిచింది, ఉట్టి మీది కుండలు వాటంతట అవే ఊగాయి, పెంకులు జారి వాకిట్లో పడ్డాయి. ఆ తర్వాత చాలా రోజులు ఊరంతా అరుగుల మీద, వీధిలో మంచాలు వేసుకునే పడుకున్నారు. మా నాయనమ్మని నడి వాకిట్లో నులక మంచం మీద పెట్టి, చుట్టూ మేం. అప్పుడు వాకిలి ఉంది కాబట్టి సరిపోయింది, ఇప్పుడు ఐదో అంతస్తులో ఉన్న ముసలాళ్లకి వాకిలి ఎక్కడిది?

ఇంకో మాట, 2024లో ఆగస్టు చివర గాలివానకి తాడ్వాయి అడవిలో వేల చెట్లు పడిపోయాయి, డిసెంబర్లో అక్కడికి దగ్గర్లోనే భూకంపం కేంద్రం అనేసరికి మా ఊళ్లో వనదేవతలకి కోపం వచ్చిందనే దాకా వెళ్లింది మాట. మొక్కుకోండి, తప్పు లేదు. మొక్కుకున్నాక బీరువా కూడా గోడకి కట్టుకోండి.

ఫ్లాట్‌నంబర్504 (కూకట్‌పల్లి)

సరే లాతూరు సంగతి ఒప్పుకుంటున్నా. కానీ ములుగు రోజున మా అపార్ట్‌మెంట్‌లో అందరూ మెట్ల మీంచి కిందికే పరుగెత్తారు. మా పక్కింటావిడ రెండేళ్ల పాపతో, పాలగిన్నె స్టవ్ మీద అలాగే వదిలేసి. పరుగెత్తక ఇంకేం చేయాలి, కూర్చుని గోవిందా అనుకోవాలా?

ఇటుకసిమెంట్ (విజయవాడ)

ఊగుతున్నంతసేపూ మెట్ల జోలికి వెళ్లకూడదు. బిల్డింగ్ ఊగే తీరు వేరు, మెట్ల వరుస బిగుసుకుని ఉండే తీరు వేరు, ముందు చిట్లేవాటిలో మెట్లు ఉంటాయి. పైగా ఒకేసారి యాభై మంది దిగితే తొక్కిసలాట. కిందికి చేరాక అయినా సేఫా అంటే, బయట గుమ్మం ముందే పిట్టగోడ ఇటుకలు, ఏసీ డబ్బాలు, పూలకుండీలు, అద్దాలు పడేది. చాలా భూకంపాల్లో గోడ వారగా నిలబడ్డవాళ్లే దెబ్బలు తిన్నారు. లిఫ్ట్ సంగతి చెప్పక్కర్లేదు.

పిల్లర్ల బిల్డింగ్‌లో ఉంటే ఉన్న చోటే నేల మీదికి వంగి, గట్టి బల్ల కిందికి దూరి, దాని కాలు పట్టుకోవాలి. బల్ల లేకపోతే లోపలి గోడ వారగా మోకాళ్ల మీద కూర్చుని తల, మెడ చేతులతో కప్పుకోవాలి. కిటికీకి, బీరువాకి, వంటింటి షెల్ఫులకి దూరంగా. ఆగాక, అప్పుడు స్టవ్, రెగ్యులేటర్ ఆఫ్ చేసి, చెప్పులేసుకుని, మెట్లు దిగాలి.

దీనికి ఒకే ఒక మినహాయింపు నా లెక్కలో. గోదారిగట్టు గారు చెప్పినలాంటి పాత మట్టి గోడల ఇల్లు, కింది అంతస్తు, గుమ్మం రెండడుగుల్లో ఉంది, బయట ఖాళీ స్థలం ఉంది, అప్పుడు బయటికి వెళ్లిపోవడమే మేలు. అలాంటి ఇల్లు పడితే బల్ల కాపాడదు. అమెరికా వీడియోలు చూసి గుడ్డిగా పాటిస్తే ఈ తేడా దొరకదు, వాళ్లవి ఎక్కువ చెక్క ఇళ్లు.

ఫ్రీమాంట్అక్క (కాలిఫోర్నియా)

నేను ఇక్కడ పెద్దవాళ్ల కేర్ హోమ్‌లో షిఫ్ట్ సూపర్‌వైజర్‌గా చేస్తున్నాను, మాది చిన్నది, మామూలు ఇంట్లోనే నడుస్తుంది. నైట్‌డ్యూటీ, నువ్వు అడిగింది సరిగ్గా మేం ఇక్కడ రోజూ తలపట్టుకునే ప్రశ్నే కాబట్టి కాస్త పెద్దగానే రాస్తాను, ఓపికగా చదువు.

మొదటిది, మంచం మీద ఉన్నవాళ్లని మంచం మీంచి దించొద్దు. ఊగుతున్నప్పుడు దించబోతే ఇద్దరూ పడతారు, తుంటి ఎముక విరిగితే ఆ వయసులో అదే పెద్ద ప్రమాదం. మంచంలోనే ఉంచి దిండు తల మీద, మెడ మీద అడ్డం పెట్టడమే. బోర్లా తిరగగలిగితే తిరగమంటాం, లేకపోతే వెల్లకిలానే. చక్రాల కుర్చీలో ఉన్నవాళ్లకి బ్రేకు వెయ్యాలి, ముందుకి వంగాలి, చేతులతో గానీ పుస్తకం, దిండుతో గానీ తల కప్పుకోవాలి. వాకర్ పట్టుకుని నడిచేవాళ్లు దగ్గర్లో ఉన్న కుర్చీలోనో మంచం మీదో కూర్చుండిపోవాలి, కింద కూర్చోబెడితే మళ్లీ లేపడానికి ఇద్దరు కావాలి. ఆ సెకన్లలో నువ్వు ఎవరి దగ్గరికీ పరుగెత్తలేవు, నీ తల నువ్వు కాపాడుకో. కఠినంగా ఉంటుంది గానీ నువ్వు పడితే మిగతా 30 మందికి దిక్కెవరు?

అంటే ఊగే టైములో వాళ్లని కాపాడేది నువ్వు కాదు, ముందే గదిని నువ్వు ఎలా సర్దావో అది. మంచం ఎక్కడుంది, దాని మీద ఏముంది. మా దగ్గర తలవైపు గోడకి ఫోటో ఫ్రేములు వేలాడదీయం, మంచాలు కిటికీ పక్కన పెట్టం, చక్రాల మంచాలకి బ్రేకు ఎప్పుడూ వేసే ఉంటుంది. అల్మారాలు గోడకి బిగించి ఉంటాయి. టీవీకి పట్టీ. వాటర్ హీటర్‌కి ఇనుప పట్టీలు వేయాలని ఇక్కడ రూలే ఉంది. మంచం కింద సంచిలో చెప్పులు, టార్చి, కళ్లజోడు, వినికిడి మిషన్, విజిల్. చీకట్లో గాజు పెంకుల మీద నడిచి కాళ్లు కోసుకోవడం చాలా మామూలు దెబ్బ.

రెండోది చట్టం. 2019 నుంచి మా రాష్ట్రంలో ఇలాంటి హోములన్నీ రాతపూర్వకంగా ఎమర్జెన్సీ ప్లాన్ పెట్టుకోవాలి, బయటి సాయం లేకుండా 72 గంటలు నెట్టుకురాగలగాలి, మెట్లున్న చోట కిందికి జార్చుకుంటూ దింపే ప్రత్యేక కుర్చీ ఉండాలి, మూడు నెలలకోసారి ప్రతి షిఫ్టుకీ డ్రిల్ చేయాలి. డ్రిల్‌లో పెద్దవాళ్లని నిజంగా బయటికి తరలించక్కర్లేదు, స్టాఫ్‌కి చేతులు అలవాటు పడితే చాలు. ఇదంతా ఊరికే రాలేదు. 1971లో లాస్ ఏంజిలిస్ పక్కన సిల్మార్‌లో వచ్చినప్పుడు ఒక్క మాజీ సైనికుల ఆస్పత్రిలోనే పాత బిల్డింగులు కూలి 49 మంది పోయారు, మొత్తం పోయింది 65 మంది దాకా. దాని తర్వాతే ఆస్పత్రుల కట్టడం మీద గట్టి చట్టం వచ్చింది. కేర్ హోములు ఆ చట్టంలో లేవు, మా దాకా రూల్స్ రావడానికి ఇంకో నలభై యాభై ఏళ్లు పట్టింది.

నైట్‌డ్యూటీ (హనుమకొండ)

అక్కా, థాంక్స్ చాలా చిన్న మాట. "నీ తల నువ్వు కాపాడుకో" అన్నది చదివి కాస్త ఊపిరి పీల్చుకున్నా, నిజంగా. అందరినీ ఎలా మోయాలి అనే ఆలోచనతోనే ఉన్నా ఇన్నాళ్లూ.

కానీ మీకు చట్టం ఉంది, ఇన్‌స్పెక్షన్ ఉంది. ఇక్కడ ఫైర్ సిలిండర్ గడువు అయిపోయిందంటేనే వినేవాడు లేడు. మెట్ల కుర్చీ అంటే నవ్వుతారు.

@ఇటుకసిమెంట్ గారూ, మాది 2009లో కట్టిన ఇల్లు, పిల్లర్ల బిల్డింగే, కింద పార్కింగ్ కాదు, కింద కూడా గదులే. మొదటి అంతస్తులో మంచం దిగలేనివాళ్లు ఎక్కువ ఉన్నారు, ఎందుకంటే కింద గదుల్లో అద్దె ఎక్కువ 😑

ఇటుకసిమెంట్ (విజయవాడ)

కింద గదులున్నాయంటే సగం మంచి వార్త. నాకు భయం పార్కింగ్ బిల్డింగులతోనే. పైన అంతా ఇటుక గోడలతో బరువుగా, కింద సన్న పిల్లర్ల మీద గాలిలో నిలబడ్డట్టు ఉంటాయి కదా, ఊగితే మొత్తం వంపు ఆ ఒక్క అంతస్తులోనే పడుతుంది. 2001 జనవరి 26 భుజ్ భూకంపం కేంద్రం నుంచి అహ్మదాబాద్ రెండు వందల కిలోమీటర్ల పైనే దూరం, అయినా అక్కడ ఇలాంటి అపార్ట్‌మెంట్లు కూలి వందల మంది పోయారు. కూకట్‌పల్లి, విజయవాడ, గుంటూరు, ఎక్కడ చూసినా మనం కట్టుకున్నది ఇవే. 504 బ్రో, మీది కూడా అదే అయ్యుంటుంది, అసోసియేషన్ మీటింగ్‌లో పెయింట్ రంగు గురించి కొట్టుకునే టైములో ఒక స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని పిలిపించి చూపించండి. పిల్లర్ల మధ్య కొన్ని చోట్ల గోడలు కట్టడం, పిల్లర్‌కి జాకెటింగ్ (చుట్టూ కొత్తగా కడ్డీలు, కాంక్రీట్ వేసి మందం పెంచడం) చేయడం లాంటి మార్గాలు ఉన్నాయి, మొత్తం కూలగొట్టక్కర్లేదు.

కొత్తగా కట్టుకునేవాళ్లకి ఒక్కటే చెప్తా. పిల్లర్ కడ్డీల చుట్టూ కట్టే రింగుల చివర 135 డిగ్రీలు లోపలికి వంచాలి, కాంక్రీట్ లోపలికి వెళ్లి ఉండాలి. మన సైట్లలో 90 దగ్గర ఆపేస్తారు, టైమ్ కలిసొస్తుందని. ఊపు వచ్చినప్పుడు 90 రింగు విచ్చుకుంటుంది, లోపలి కడ్డీలు బయటికి ఉబ్బుతాయి. సెంట్రింగ్ వేసే ముందు మీరే వెళ్లి కళ్లతో చూడండి, మేస్త్రీ చూస్తాడులే అనుకోవద్దు.

నైట్‌డ్యూటీ గారూ, మంచం దిగలేనివాళ్లని కింది అంతస్తుకి మార్చడం మీ లిస్టులో మొదటి పని. డబ్బు విషయం అని తెలుసు. అయినా అడగండి. ఫైర్ అయినా, కరెంట్ పోయి లిఫ్ట్ ఆగినా, అంబులెన్స్ వచ్చినా పనికొచ్చే మార్పు అది, భూకంపం పేరు కూడా ఎత్తక్కర్లేదు.

సూర్యాపేట్‌బాబు (దుబాయ్)

వాట్సాప్‌లో ఒకటి వచ్చింది, బల్ల కింద దూరకూడదట, బల్ల పక్కన పడుకుంటే త్రికోణంలా ఖాళీ మిగిలి బతుకుతారట. ఇంకోటి, వచ్చే నెల ఫలానా తారీఖు తెలంగాణలో పెద్దది వస్తుందని. రెండూ నిజమేనా? అమ్మ ఒక్కతే ఉంటుంది ఊళ్లో, అది చదివి రాత్రుళ్లు నిద్రపోవడం లేదు.

ఫ్రీమాంట్అక్క (కాలిఫోర్నియా)

రెండూ చెత్త బాబూ. ఆ త్రికోణం ఫార్వర్డ్ చాలా ఏళ్లుగా తిరుగుతోంది, ఇక్కడి భూకంప నిపుణులు ఎప్పుడో కొట్టిపారేశారు. వస్తువులు ఊగినప్పుడు కదులుతాయి, పక్కన పడుకున్న మనిషి మీదికే వస్తాయి. గుమ్మంలో నిలబడమనేది కూడా పాత మాటే.

తారీఖు చెప్పి భూకంపం రావడం ఎక్కడా లేదు, జపాన్‌కీ చేతకాలేదు, అమెరికాకీ చేతకాలేదు. అమ్మకి ఫోన్ చేసి అది చెప్పు. చెప్పాక, ఆవిడ మంచం పైన అటక ఉందా, అటక మీద ఇత్తడి బిందెలున్నాయా అని అడుగు. ఉండే ఉంటాయి 🙂

సూర్యాపేట్‌బాబు (దుబాయ్)

ఉన్నాయక్కా. బిందెలు, గంగాళం, పెళ్లిళ్లకి వాడే పెద్ద డేగిసా. సరిగ్గా మంచం పైనే.

గోదారిగట్టు (భద్రాచలం)

దించమను. ఎవరైనా కుర్రాడికి చెప్పి దింపించు, ఆవిణ్ణి స్టూలెక్కనివ్వకు.

చిలకలగూడకుర్రాడు (సికింద్రాబాద్)

ఫోన్ అలర్ట్ గురించి ఎవరూ చెప్పలేదు. ఆండ్రాయిడ్ ఫోన్లలో 2023 సెప్టెంబర్ నుంచి ఇండియాలో భూకంప అలర్ట్ ఉంది. సెట్టింగ్స్‌లో సేఫ్టీ అండ్ ఎమర్జెన్సీలో చూడండి, లొకేషన్, నెట్ ఆన్‌లో ఉండాలి. ఫోన్లలో ఉండే సెన్సర్లే ఊపుని పసిగట్టి, కేంద్రానికి దూరంగా ఉన్నవాళ్లకి ఊపు చేరకముందే కొన్ని సెకన్ల ముందు చెప్తాయి. దగ్గర్లో ఉంటే ముందుగా రాదు, ఊపు, అలర్ట్ కలిసే వస్తాయి. 4.5 దాటితేనే పంపుతుంది. జరిగాక ఎంత తీవ్రత, ఎక్కడ అనేది చూసుకోవాలంటే కేంద్ర ప్రభుత్వ భూకంప కేంద్రం వాళ్ల భూకంప్ అనే యాప్ ఉంది, వాట్సాప్ కంటే అది చూసుకోండి. 2020లో హైదరాబాద్ బోరబండలో భూమిలోంచి శబ్దాలు వచ్చినప్పుడు మా ఏరియాలో అన్నీ పుకార్లే.

ఖమ్మంకోడలు (ఖమ్మం)

నా ప్రశ్న ఇంటి సంగతి. మామగారికి ఊపిరితిత్తుల సమస్య, ఇంట్లోనే ఆక్సిజన్ మిషన్ మీద ఉంటారు. ములుగు రోజున కరెంట్ పోలేదు కాబట్టి సరిపోయింది. అత్తయ్యకి షుగర్, ఇన్సులిన్ ఫ్రిజ్‌లో. మా ఆయన డ్యూటీ మీద ఎక్కువ బయట ఉంటారు. నేనూ, ఇద్దరు పిల్లలూ. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు.

నైట్‌డ్యూటీ (హనుమకొండ)

వదినా, ఇది నా పని కాబట్టి నేను చెప్తాను.

మిషన్‌కి ఇన్వర్టర్ లైన్ ఉందో లేదో ముందు చూసుకోండి, ఐదు లీటర్ల మిషన్ మూడు వందల వాట్ల పైన లాగుతుంది, ఫ్యాన్లు, లైట్లు కలిపితే మామూలు బ్యాటరీ ఎక్కువసేపు రాదు. మిగతావి ఆపేసి మిషన్ ఒక్కటే ఎంతసేపు నడుస్తుందో ఒకసారి పగటి పూట, మీరు పక్కనే ఉండి చూసుకోండి. బ్యాకప్‌గా ఒక ఆక్సిజన్ సిలిండర్ తప్పనిసరి, రెగ్యులేటర్ బిగించి, పానా దానికే కట్టి. ఆ సిలిండర్ నిలబెట్టి వదిలేయొద్దు, గోడకి గొలుసుతో కట్టండి, పడి తల దగ్గర వాల్వ్ విరిగిందంటే చాలా ప్రమాదం. దాని దగ్గర దేవుడి దీపం, అగరుబత్తి వద్దు. దీపం ఎక్కడున్నా సరే, ఊగితే ముందు పడేది అదే, కింద పళ్లెం, చుట్టూ ఏమీ లేకుండా ఉండాలి.

ఇన్సులిన్ వాడుతున్న సీసా మామూలు గది వేడిలో నాలుగు వారాల దాకా ఉంటుంది చాలావరకు, రకాన్ని బట్టి తేడా ఉంటుంది, మీ డాక్టర్ని అడగండి. కానీ ఖమ్మం మే నెలలో గది గది కాదు కదా, కుండలో నీళ్లు పోసి అందులో చిన్న స్టీలు గిన్నెలో పెట్టుకోవచ్చు.

మందులు వారం రోజులవి ఎప్పుడూ అదనంగా, పాతవి ముందు వాడుతూ. చీటీ మీద పేరు, జబ్బు, మందు, ఎంత డోసు, డాక్టర్ నంబర్, బ్లడ్ గ్రూపు రాసి ఫోటో తీసి బంధువుల గ్రూపులో పెట్టండి, కాగితం ఒకటి ఆయన జేబులో ఉండాలి. ఫోన్ చచ్చిపోతే నంబర్లు ఎవరికీ నోటికి రావు ఇప్పుడు.

గ్యాస్ వాసన వస్తే రెగ్యులేటర్ ఆపి తలుపులు తెరవడం, స్విచ్ వేయడం గానీ ఆపడం గానీ చేయకపోవడం, బయటికొచ్చాక 1906కి ఫోన్. అంబులెన్స్ 108, మిగతా దేనికైనా 112. పిల్లలకి ఇవి నేర్పండి, పెద్దోడికి సిలిండర్ ఆపడం కూడా.

ఫ్రీమాంట్అక్క (కాలిఫోర్నియా)

చాలా బాగా చెప్పావు నైట్‌డ్యూటీ. దానికి ఒకటి కలుపుతాను. ఊరి బయట ఒక మనిషిని అనుకోండి, బెంగళూరులో చెల్లెలో, వైజాగ్‌లో బాబాయో. ఆ రోజు ఊళ్లో లైన్లు కలవవు, బయటికి మెసేజ్ మాత్రం వెళ్తుంది. అందరూ ఆ ఒక్కరికే "బాగున్నా" అని పంపాలి, ఒకరికొకరు వంద కాల్స్ చేసుకోకుండా.

పెద్దవాళ్ల విషయంలో కష్టం ఊగేటప్పుడే కాదు, ఊపు ఆగాక కూడా ఉంటుంది. 1995లో జపాన్ కోబెలో తెల్లవారకముందే వచ్చింది, కూలిన ఇళ్ల కింద, మీద పడ్డ ఫర్నిచర్ కింద పోయినవాళ్లలో సగానికి పైగా అరవై దాటినవాళ్లే. 2024 జనవరి 1న నోటో ప్రాంతంలో ఇంకో రకం చూశాం, ఇళ్ల కింద పోయినవాళ్ల కంటే తర్వాతి నెలల్లో శిబిరాల్లో చలికి, అలసటకి, నీళ్లు లేక, ఉన్న జబ్బు ముదిరి పోయినవాళ్లు ఎక్కువైపోయారు, దాదాపు అందరూ వృద్ధులే. జపాన్‌లోనే అలా అయిందంటే ఆలోచించండి. అందుకే 72 గంటల లెక్క. మనిషికి రోజుకి సుమారు నాలుగు లీటర్ల నీళ్లు, మూడు రోజులు, 30 మందికి 360 లీటర్లు.

ఫ్లాట్‌నంబర్504 (కూకట్‌పల్లి)

అంటే 20 లీటర్ల క్యాన్లు 18. వృద్ధాశ్రమానికి ఇదేం పెద్ద ఖర్చు కాదే, నేననుకున్నంత లేదు. డైపర్లు, ఓఆర్ఎస్, మెత్తటి తిండి, అటుకులు, రాగిపిండి, గ్లూకోజ్ బిస్కెట్లు. మా ఆవిడ ఇప్పటికే లిస్టు రాసేసింది. పళ్లసెట్ పెట్టుకునే డబ్బీ కూడా రాసింది, ఇది మా నాన్న కోసం.

ఒక డౌట్. మతిమరుపు ఉన్నవాళ్లకి ముందే చెప్పి ఏం లాభం, గుర్తుండదు కదా?

నైట్‌డ్యూటీ (హనుమకొండ)

మాట గుర్తుండదు గానీ చేతి అలవాటు కొంత ఉంటుందండీ. మా దగ్గర ఒక పెద్దాయన, పాత లెక్కల మాస్టారు, కొడుకు పేరు మర్చిపోయారు గానీ గంట కొడితే లేచి నిలబడతారు. పైగా వాళ్లు నా మొహం చూస్తారు. నేను కేకలేస్తే కేకలేస్తారు, పరుగెత్తితే గేటు దాటిపోతారు. ఆ తర్వాత వాళ్లని వెతకడం ఇంకో గండం. అందుకే వాళ్లకి చేతికి పేరు, ఆశ్రమం నంబర్ ఉన్న పట్టీ వేయాలని అనుకుంటున్నా, అదీ ప్లాన్‌లో పెడతాను.

ఇటుకసిమెంట్ (విజయవాడ)

బయటికొచ్చాక ఎక్కడ చేరాలి అనేది కూడా ముందే చూసి పెట్టుకోండి. కరెంటు తీగల కింద కాదు, వాటర్ ట్యాంక్ కింద కాదు, కాంపౌండ్ గోడ వారగా కాదు. మన కాంపౌండ్ గోడలంత బలహీనమైనవి ఇంకేం ఉండవు. నీడ ఉండాలి, మన ఎండల్లో పెద్దవాళ్లని రెండు గంటలు బయట కూర్చోబెడితే ఆస్పత్రికి అదే కారణం అవుతుంది. మళ్లీ లోపలికి ఎప్పుడు వెళ్లాలి అంటే, పిల్లర్, దూలం కలిసే చోట ఏటవాలు పగుళ్లు ఉంటే ఇంజనీర్ చూసేదాకా వెళ్లొద్దు. ప్లాస్టర్ మీద సన్న గీతలు, గోడకీ శ్లాబుకీ మధ్య గీత, వాటికి కంగారు పడక్కర్లేదు. చిన్న ఊపులు తర్వాత కూడా వస్తాయి.

సాయం గురించి, ఎన్డీఆర్ఎఫ్ (కేంద్ర విపత్తు సహాయ దళం) పదో బెటాలియన్ మా విజయవాడ పక్కన కొండపావులూరులోనే ఉంది. కానీ అక్కడి నుంచి హనుమకొండ చేరేసరికి గంటలు పడుతుంది, ఆ గంటలు మీవీ, మీ పక్కింటివాళ్లవీ. ఎదురుగా కాలేజీ హాస్టలో, ఆటో స్టాండో ఉంటే వాళ్లతో ముందే మాట్లాడి పెట్టుకోండి. మనుషుల్ని దుప్పటి మీద ఎత్తుకుని మెట్లు దింపడానికి నలుగురు కుర్రాళ్లు చాలు, మెట్ల కుర్చీ కొనలేకపోయినా.

నైట్‌డ్యూటీ (హనుమకొండ)

అప్‌డేట్ ఇస్తున్నా. భూకంపం అనకుండా "అగ్నిప్రమాదం, ఎమర్జెన్సీ ప్లాన్" అని రాసి ఇచ్చా, ఇటుకసిమెంట్ గారి ఐడియా పనిచేసింది. బీరువాలు గోడకి బిగించడానికి ఒప్పుకున్నారు. నీళ్ల క్యాన్లకి ఒప్పుకున్నారు. చేతి పట్టీలు సరే అన్నారు. మంచం దిగలేనివాళ్లని కిందికి మార్చడం మాత్రం ఇద్దరి విషయంలోనే, మిగతావాళ్ల పిల్లలతో మాట్లాడాలట, అద్దె తేడా సంగతి. ఆ పిల్లలకి నేనే ఫోన్ చేస్తాను. డ్రిల్ రాత్రి షిఫ్టుకి చేయాలి అంటే ఆయాలు నవ్వారు, కానీ దిండు తల మీద పెట్టడం, బ్రేకు వేయడం ఇద్దరూ చేసి చూపించారు.

గోడకి బిగించేది ఎలా? కార్పెంటర్ ఊరికే మేకులు కొడతానంటున్నాడు.

ఇటుకసిమెంట్ (విజయవాడ)

మేకులు వద్దు, ఊగితే లాగేసుకుని వచ్చేస్తాయి. ఎల్ యాంగిల్ క్లాంపులు, బీరువాకి రెండు, పై అంచు దగ్గర, కుడి ఒకటి ఎడమ ఒకటి. గోడ కాంక్రీట్ అయితే యాంకర్ బోల్టు. ఎర్ర ఇటుక అయితే ప్లాస్టర్ దాటి ఇటుక లోపలికి పోయేంత పొడవు స్క్రూ, ప్లగ్గుతో, రెండు ఇటుకల మధ్య సిమెంట్ గీతలో కాదు, ఇటుక మధ్యలో. తేలికపాటి తెల్ల బ్లాకు గోడ అయితే మామూలు ప్లగ్గు పట్టదు, దానికి వేరే ఫాస్టెనర్ ఉంటుంది, హార్డ్‌వేర్ షాపులో బ్లాకు గోడకి అని అడగండి. ఇనప బీరువాకి వెనక రేకు పలచగా ఉంటుంది, లోపల ఒక చెక్క పట్టీ పెట్టి దానికి కలిపి బిగించమనండి. బరువు సామాన్లు కింది అరలో. తలుపులకి గడియ.

ఖమ్మంకోడలు (ఖమ్మం)

అద్దె ఇల్లు అయితే? ఓనరు మేకు కొట్టనివ్వడు, క్యాలెండర్‌కే గొడవ.

ఇటుకసిమెంట్ (విజయవాడ)

అప్పుడు బీరువాని మంచానికి, గుమ్మానికి దూరంగా జరపండి, అది పడినా మనిషి మీద పడకూడదు, దారికి అడ్డం పడకూడదు. బీరువా ఎత్తు ఎంతో కొలిచి, మంచం అంతకంటే ఎక్కువ దూరంలో ఉండేలా. పైన పెట్టిన సూట్‌కేసులు దించేయండి.

ఖమ్మంకోడలు (ఖమ్మం)

సరే, రేపు ఆదివారం, పిల్లలతో కలిసి జరుపుతాం. సిలిండర్‌కి గొలుసు ఎంత మందం కావాలో కూడా చెప్పండి అన్నయ్యా, ఒకేసారి తెచ్చుకుంటాను.

నైట్‌డ్యూటీ (హనుమకొండ)

మా దగ్గర గేటుకి వేసే మామూలు గొలుసే వాడుతున్నాం వదినా, రెండు చోట్ల, కింద ఒకటి, భుజం దగ్గర ఒకటి, వెనక కొక్కెం మాత్రం గోడలోకి గట్టిగా దిగాలి. తాళం వేయకండి, అవసరం పడ్డప్పుడు తాళంచెవి దొరకదు.